విడువని సహోదరుడు

పాఠ్యభాగము: లూకా 10:25–37, సామెతలు 17:17.



మన గ్రామములనుండి అనేక యౌవనస్థులు హైదరాబాదునకు పోయి, అమీర్‌పేట, పంజాగుట్ట హాస్టళ్లలో ఉండి కంప్యూటరు కోర్సులు నేర్చుకొనుచున్నారు. తండ్రి ధాన్యమమ్మి పంపిన సొమ్ముతో ఫీజు కట్టుచున్నారు. కొందరికి ఏండ్లు గడచినను ఉద్యోగము దొరకదు. అట్టివాడు పండుగకు ఇంటికి వచ్చుటకు సిగ్గుపడును. ఫోను చేసినను సరిగా మాటాడడు. అతని యెడల మనమేమి చేయవలెను? ఒక పాదిరిగారి కుటుంబమును చూచి నేర్చుకొందము.

హాలెండు దేశమున 1853లో ఒక ప్రొటెస్టెంటు పాదిరిగారికి విన్సెంట్ వాన్ గో జన్మించెను. పటముల అంగడిలో కొలువు చేసెను. 1876లో అది పోయెను. వేదశాస్త్రము చదువబూని మధ్యలో మానెను. బెల్జియము బొగ్గుగనుల కూలీలకు సువార్త చెప్పబోయి, తన బట్టలు వారికిచ్చి, తాను గడ్డిమీద పండుకొనెను. 1879లో మిషను పెద్దలు అతని పనిని పొడిగింపలేదు. తండ్రితోను కలహములు కలిగెను.

ఇరువదియేడవ ఏట అతడు చిత్రకారుడు కాగోరెను. నాలుగేండ్లు చిన్నవాడైన తమ్ముడు థియో తన జీతములోనుండి సొమ్మును, రంగులను పదియేండ్లు పంపెను. బొమ్మలు అమ్ముడుపోవుట బహు అరుదు. 1888 డిసెంబరులో విన్సెంటు మతి చలించి తన చెవిని కోసికొనగా, థియో రైలెక్కి ఆస్పత్రికి పరుగెత్తెను. మరుసటి ఏట మానసిక వైద్యశాల ఖర్చును తానే భరించెను.

ఆ వైద్యశాలలో 1890 మే నెలలో విన్సెంటు, డెలక్రువా అను చిత్రకారుని పటమును అనుసరించి, మంచి సమరయుని చిత్రించెను. అందులో సమరయుడు నడుము వంచి, గాయపడినవానిని బలముకొలది వాహనముమీదికి ఎత్తుచున్నాడు. దాటిపోయినవారు దూరమున చిన్నగా కనబడుదురు.

ఆ జూలై 29న, తాను చేసికొన్న గాయముచేతనే విన్సెంటు మరణించెను. థియో ప్రక్కననే యుండెను. ఆరు నెలలకు థియోయు గతించెను. అతని భార్య యోహాన్నా, చంటిబిడ్డతో మిగిలియు, ఆ పటములను కాపాడి, 1914లో విన్సెంటు ఉత్తరములను అచ్చు వేయించెను. నేడు లోకము అతని నెరుగుట చాలవరకు ఆమె వలననే.

గమనించుడి: థియో అన్నను స్వస్థపరచలేకపోయెను, అయినను విడువలేదు. అన్నకు కీర్తి వచ్చునో రాదో తెలియకయే సొమ్ము పంపెను. సమరయుడును పూటకూళ్లవానికి సొమ్మిచ్చి, మరల వచ్చెదనని చెప్పిపోయెను. మన కుమారుడు గొప్పవాడగునని గాక, మనవాడని ఆదుకొందము. "పొరుగువారి బిడ్డను చూడు" అను మాటను మానుదము. మనస్సు రోగము సిగ్గుపడవలసినది కాదు. జ్వరమువలెనే దానికిని వైద్యుడు కావలెను, ప్రార్థనయు కావలెను.

ఆలోచించుడి:
1. మన యింటిలో ఫోను ఎత్తుటకు వెరచుచున్నవారు ఎవరు?
2. ఈ వారము వారికి, డబ్బు లెక్క అడుగక, ఏమి చెప్పగలము?