ఒకచోట దిద్దితే నలభై చోట్ల!

మీ బడికి ఒక వెబ్‌సైట్ ఉందనుకోండి. అందులో 40 పేజీలు. ప్రతి పేజీకీ పైన బడి పేరు, పక్కన మిగతా పేజీల జాబితా, అడుగున చిరునామా, ఫోన్ నంబరు ఉంటాయి. పైభాగాన్ని హెడర్ అనీ, అడుగుభాగాన్ని ఫుటర్ అనీ, జాబితాను నావిగేషన్ అనీ అంటారు.

ఒకనాడు ఫోన్ నంబరు మారింది. మీరు ఓపికగా 39 పేజీలు దిద్దారు. ఒకటి మరచిపోయారు. జ్వరంతో ఉన్న పిల్లవాడి తండ్రి సరిగ్గా ఆ పేజీయే తెరిచాడు! పాత నంబరుకు ఫోను చేస్తే పలికేదెవరు?

లోపం మీ ఓపికలో లేదు. ఒకే సంగతిని 40 చోట్ల రాయడంలో ఉంది. మరి ఏం చేయాలి?

మీ మార్కుల కార్డు చూడండి. బడి పేరు, గడులు, సంతకాల చోటు అందరికీ ఒకటే. పేరూ మార్కులూ మాత్రమే వేరు. మనమూ ఇలాగే చేద్దాం.

వేరుగా ఉండే విషయాన్ని ఎక్స్‌ఎంఎల్‌లో రాస్తాం. ఇది 1998లో ప్రమాణంగా వెలువడింది. ఇందులో గుర్తుల పేర్లు మనమే పెట్టుకోవచ్చు, తెలుగులో కూడా:

<పేజీ>
<శీర్షిక>గ్రంథాలయం</శీర్షిక>
<విషయం>సాయంత్రం 5 గంటల వరకు తెరచి ఉంటుంది.</విషయం>
</పేజీ>

ఇందులో బడి పేరు గాని, ఫోన్ నంబరు గాని లేవు, గమనించారా? అవి మరో ఫైలులో ఉంటాయి. దాన్ని 1999లో వచ్చిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ అనే భాషలో రాస్తారు. అదే మన అచ్చు కార్డు. "మొదట బడి పేరు, తర్వాత జాబితా, ఇక్కడ ఆ పేజీ విషయం, చివర చిరునామా" అని అది చెబుతుంది. ఒక ప్రోగ్రాం ఈ రెంటినీ కలిపి, బ్రౌజరు చూపగల హెచ్‌టీఎంఎల్ పేజీలను తయారుచేస్తుంది.

జాబితాను మూడో ఫైలులో ఉంచుతాం. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలోని డాక్యుమెంట్ అనే ప్రమేయం దాన్ని చదువుతుంది. ప్రతి పేరునూ లింకుగా మార్చమంటాం. మనమున్న పేజీ పేరుకు మాత్రం లింకు వద్దంటాం. అప్పుడు చదివేవారికి తామెక్కడ ఉన్నదీ తెలుస్తుంది. 41వ పేజీ చేరితే జాబితాలో ఒక్క వరుస చేర్చితే చాలు.

ఒక హెచ్చరిక! అచ్చు కార్డులో తప్పు దొర్లితే అది అన్ని పేజీల్లోనూ కనిపిస్తుంది. అయితే దిద్దడమూ ఒక్కచోటే. దిద్దాక పేజీలన్నిటినీ మళ్లీ తయారుచేయడం మరవకండి. లేకుంటే పాత నంబరే మిగిలిపోతుంది!

చేసి చూడండి: మీ పాఠ్యపుస్తకంలో అన్ని పేజీలకూ ఉమ్మడిగా ఉన్నవేవి? పేజీ పేజీకీ మారేవేవి? రెండు జాబితాలు రాయండి. మొదటిది ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ పని, రెండోది ఎక్స్‌ఎంఎల్ పని.