మంజీరకు ఇవతల మంచి పాలు, అవతల కల్తీ పాలు



బోధన్ నుండి సాలూర దాటి మంజీర వంతెన మీదుగా పోతే మహారాష్ట్రలోని బిలోలి వస్తుంది. 1956 నవంబరు 1కి ముందు రెండు గట్లూ హైదరాబాద్ రాష్ట్రంలోనివే. చెరుకు ఆకు మేసే బర్రెకు రాష్ట్రం తేడా తెలియదు. చట్టానికి మాత్రం చాలా కాలం ఆ తేడా ఉండింది.

ఆహార కల్తీ నిరోధక చట్టం 1954లో వచ్చి, 1955 జూన్ 1 నుండి అమలైంది. దేశానికంతా చట్టం ఒకటే అయినా పాల ప్రమాణాలు రాష్ట్రానికొక తీరుగా ఉండిపోయినవి. బర్రె పాలలో వెన్న ఆంధ్రప్రదేశ్‌లో 5 శాతం ఉంటే చాలు, మహారాష్ట్రలో 6 శాతం ఉండాలి. 5.5 శాతం వెన్న గల పాలు సాలూరలో మంచి పాలు. అవే క్యాను వంతెన దాటితే, చుక్క నీరు కలపకున్నా కల్తీ పాలు! ఆ చట్టం కింద కల్తీకి జైలు శిక్ష కూడా ఉండేది.

ఐరోపా ఉమ్మడి మార్కెట్ దేశాలకూ ఇటువంటి చిక్కే వచ్చింది. ఒక ఫ్రెంచి పండ్ల మద్యంలో సారా శాతం చాలదని పశ్చిమ జర్మనీ అమ్మకం ఆపగా, ఒక సభ్యదేశంలో చట్టప్రకారం అమ్మే సరుకును గట్టి కారణం లేకుండా ఇంకొక దేశం ఆపరాదని 1979లో ఐరోపా న్యాయస్థానం చెప్పింది. మనవారు ఆ దారి పట్టక, కొలతనే ఒకటి చేసినారు. అదీ ఆలస్యంగానే. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చి 2011 ఆగస్టు 5 నుండి అమలైనా, రాష్ట్రాల తేడాలు 2017 సవరణతోగాని పోలేదు.

ఇప్పుడు దేశమంతటా బర్రె పాలకు వెన్న 5, వెన్న కాని ఘనపదార్థాలు (ఎస్.ఎన్.ఎఫ్.) 9 శాతం. ఆవు పాలకు 3.2, 8.3. మునుపు మనకు ఆవు పాలకు 3.5, 8.5 ఉండేది కనుక సంకర జాతి ఆవులున్నవారికి ఊరటే. అయితే ఇది అమ్మకానికి కనీస హద్దు మాత్రమే. సంఘంలో ధర మీ పాల పరీక్షను బట్టే వస్తుంది.

6 శాతానికి అలవాటుపడిన బిలోలి ఇల్లాలికి ఇది నష్టం కాదా అంటే, కొంత నష్టమే. కాని కల్తీ చేయనివాడు కల్తీదారు అనిపించుకునే అన్యాయం పోయింది. కొత్త చట్టం నాసిరకం ఆహారాన్ని, హాని చేసే ఆహారాన్ని వేరు చేసింది. నాసిరకానికి 5 లక్షల రూపాయల వరకు జరిమానా, హాని చేసేదానికి జైలు.

మరొక మాట. తన పాలన్నీ సంఘానికే పోసే సభ్యునికి 2011 నియమాల ప్రకారం రిజిస్ట్రేషన్ అక్కరలేదు. పొద్దున సంఘానికి, సాయంత్రం హోటలుకు పోసేవారికి ఈ మినహాయింపు వర్తించదు.