మెడలో స్టెంట్, చేతిలో నార్మల్ రిపోర్టు

హైదరాబాద్ హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. అప్పుడు పాతికేళ్ల వయసులో ఐడీ కార్డు మెడలో వేసుకున్నవాళ్లకు ఇప్పుడు యాభై దాటాయి. గుండెకు స్టెంట్ వేయించుకుని కొన్నాళ్లకే మళ్లీ కాల్స్‌లో కూర్చునేవాళ్లు ఈ ఐటీ కారిడార్‌లో కొత్తేమీ కాదు. మెడ నాళానికి వేయించుకున్నవాళ్లు తక్కువే, కానీ ఉన్నారు. వాళ్లలో కొందరు మెడ తిప్పాలన్నా భయపడతారు. కొందరు ‘బ్లాక్ పోయింది, ఇంకేం లేదు’ అని పాత జీవితంలోకి దూకేస్తారు. భయపడేవాళ్లకు నెల తిరిగేసరికి ధైర్యం అదే వస్తుంది. నా బెంగంతా రెండోవాళ్ల గురించే.

మెదడుకు రక్తం తీసుకెళ్లే కరోటిడ్ ధమనిలో కొవ్వు పేరుకుని ఇరుకైన చోట స్టెంట్ అనే జాలీ గొట్టం దారి వెడల్పు చేస్తుంది, అంతే. పేరుకున్న కొవ్వు ఎక్కడికీ పోదు. ఆ జాలీ వెనక గోడకు అదుముకుని అక్కడే ఉంటుంది. రెండో వైపు కరోటిడ్, గుండె నాళాలు, పుర్రె లోపలి సన్న నాళాలు నిన్న ఎలా ఉన్నాయో ఇవాళా అలాగే ఉంటాయి. మనవాళ్ల విషయంలో ఈ పుర్రె లోపలి నాళాలను తేలిగ్గా తీసుకోకూడదు. నిమ్స్‌లో డాక్టర్ సుభాష్ కౌల్ బృందం నడిపిన హైదరాబాద్ స్ట్రోక్ రిజిస్ట్రీలో పెద్ద నాళాలు పూడుకుపోయి వచ్చిన స్ట్రోకులే ఎక్కువ, వాటిలోనూ తలలోపలి నాళాల జబ్బే ఎక్కువగా కనబడింది. అక్కడ అందరికీ స్టెంట్లు వేయరు. అక్కడిదాకా వెళ్లి పనిచేసేది మీరు రోజూ మింగే కొలెస్ట్రాల్ మాత్రే, అంటే స్టాటిన్.

ఆ మాత్రను ఎక్కడ మానేస్తారో చెబుతాను. ఆఫీసువాళ్లు ఏటా చేయించే హెల్త్ చెకప్ పీడీఎఫ్ వస్తుంది. లిపిడ్ ప్రొఫైల్ పేజీలో చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) 96. పక్కన ‘100 కంటే తక్కువ’ అని ఉంటుంది. అంకె బోల్డ్‌లో లేదు, ఎర్రగా లేదు. అంతా నార్మలే కదా, ఇంకా గోళీ ఎందుకని ఆ నెల స్ట్రిప్ కొనరు. ఇందులో రెండు పొరపాట్లున్నాయి. ఆ 96 మాత్ర వల్ల వచ్చిన 96. ఆపితే కొన్ని వారాల్లో పాత అంకె తిరిగొస్తుంది. రెండోది, ల్యాబు ముద్రించిన ఆ హద్దు ఏ జబ్బూ లేనివాళ్లది. మెడ నాళం పూడుకుని స్టెంట్ దాకా వచ్చినవాళ్లకు 70 దాటకూడదు. భారత కార్డియాలజీ సొసైటీ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలైతే ఇలాంటి అతి ముప్పున్నవాళ్లకు 55 లోపు ఉండాలంటాయి.

ఈ అంకెలు గాల్లోంచి రాలేదు. ఫ్రాన్స్, దక్షిణ కొరియాల్లో స్ట్రోకో, మినీ స్ట్రోకో వచ్చిన 2,860 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఎల్‌డీఎల్‌ను 70 కిందికి దించారు, ఇంకో గుంపును 90 నుంచి 110 మధ్య ఉంచారు. మొదటి గుంపులో 8.5 శాతం మందికి, రెండో గుంపులో 10.9 శాతం మందికి మళ్లీ స్ట్రోకో గుండెపోటో అలాంటి పెద్ద దెబ్బో తగిలింది. మీ 96 రెండో గుంపులోది. అందుకే రిపోర్టును హెచ్‌ఆర్ పోర్టల్‌లో చూసి మూసేయకుండా స్టెంట్ వేసిన డాక్టరుకు చూపించండి.

అంకె దిగకపోతే మాత్ర డోసు పెంచుకుంటూ పోవడమే దారి కాదు. స్టాటిన్ డోసు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది ఆరు శాతం దగ్గరే. ఎజెటిమైబ్ అనే మాత్ర జోడిస్తే అంతకంటే బాగా దిగుతుంది. అదీ చాలకపోతే ఇంజెక్షన్లున్నాయి, ఇన్‌క్లిసిరాన్ లాంటిది నిలకడయ్యాక ఏడాదికి రెండుసార్లే. మందు మార్చిన 4 నుంచి 12 వారాల్లో పరీక్ష మళ్లీ చేయించుకోవాలి. లైపోప్రోటీన్-ఏ అనే పరీక్ష జన్మలో ఒక్కసారైనా చేయించండి. అది ఎక్కువగా ఉంటే మీ అన్నదమ్ములు, పిల్లలు కూడా చూపించుకోవాల్సి వస్తుంది.

ఇక ఈ ఊళ్లో బాగా కనబడే చిక్కు ఒకటుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, గచ్చిబౌలి ఏఐజీ ఆస్పత్రి పరిశోధకులు ఇక్కడి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఫలితం ప్రచురించారు. 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు. 71 శాతం మంది ఊబకాయులు. ఫ్యాటీ లివర్ ఉంటే లివర్ పరీక్షలోని ఎస్‌జీపీటీ కాస్త పెరగడం మామూలే. ఆ అంకె చూడగానే ఎవరో ఒకరు ‘కొలెస్ట్రాల్ మందు లివర్‌ను తినేస్తుంది, ఆపెయ్’ అంటారు. ఇది ఆఫీసు వాట్సాప్ గ్రూపుల్లో చలామణీ అయ్యే సలహాలన్నింటిలోకీ ఖరీదైనది. ఫ్యాటీ లివర్ స్టాటిన్ ఆపడానికి కారణం కాదు. ఎస్‌జీపీటీ మామూలు హద్దుకు మూడు రెట్లు దాటితే డాక్టర్లు ఆలోచిస్తారు, అప్పుడైనా నిర్ణయం వాళ్లదే. ఒళ్లు నొప్పులు మొదలైతే ఓర్చుకోనూ వద్దు, మానేయనూ వద్దు. వెళ్లి చెప్పండి, ఇంకో స్టాటిన్‌కు మారుస్తారు.

కొలెస్ట్రాల్ మాత్రకు తోడుగా రక్తం పలుచబరిచేవి రెండుంటాయి: ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్. కనీసం నాలుగు వారాలు రెండూ, తర్వాత డాక్టరు చెప్పిన నాటి నుంచి ఏదో ఒకటి జీవితాంతం. మొదటి నెలలో పన్ను పీకించుకోవడానికి డెంటిస్ట్ ఆపమన్నాడని ఆపేస్తే స్టెంట్‌లోనే గడ్డ కట్టొచ్చు. ముందు స్టెంట్ డాక్టరుకు ఫోన్ చేయాలి. ఇంకో సంగతి, ఎకోస్ప్రిన్ గోల్డ్ క్యాప్సూల్‌లో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్ మూడూ ఉంటాయి. ఇంట్లో మిగిలిన పాత ఎకోస్ప్రిన్ కూడా వేసుకుంటే ఆస్పిరిన్ రెండింతలవుతుంది. అదే, క్లోపిడోగ్రెల్ మానమన్నారని ఆ క్యాప్సూల్ మొత్తం మానేస్తే కొలెస్ట్రాల్ మందూ దాంతోపాటే పోతుంది. గ్యాస్‌కు ఓమెజ్ వేసుకునే అలవాటుంటే డాక్టరుకు చెప్పండి, అది క్లోపిడోగ్రెల్ బలాన్ని తగ్గిస్తుంది. పాంటోప్రజోల్ రాయించుకోవచ్చు. స్క్రీన్ తలనొప్పికి డెస్కు డ్రాయర్లోని కాంబిఫ్లామ్ కూడా వద్దు, అందులోని ఐబుప్రొఫెన్‌కు ఆస్పిరిన్‌తో పడదు. పారాసిటమాల్ చాలు.

అయితే మొదటి నెలలో స్టెంట్ వేసిన వైపే తల పగిలిపోయేలా నొప్పి వచ్చి, బీపీ కూడా పెరిగితే పారాసిటమాల్‌తో సరిపెట్టకండి. చాలాకాలం ఇరుకు దారికి అలవాటుపడిన మెదడు మీదికి రక్తం ఒక్కసారిగా పొంగడం వల్ల అలా జరగొచ్చు. అది ఆస్పత్రికి వెళ్లాల్సిన తలనొప్పి. ఇంట్లో బీపీ మిషన్ ఉండాల్సింది అందుకే.

నైట్ షిఫ్టులవాళ్లకు చీటీ మీద ‘రాత్రి పడుకునే ముందు’ అని ఉంటే తికమక. షిఫ్టు మారిన వారం రాత్రి ఏది, పగలు ఏది? అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ ఏ వేళ వేసుకున్నా పనిచేస్తాయి. డాక్టరుకు ఒక మాట చెప్పి, నిద్రతో సంబంధం లేకుండా గడియారంలో ఒక వేళ పెట్టుకోండి. క్యాబ్ ఎక్కే ముందు సాయంత్రం ఆరు గంటలైతే, సెలవు రోజునా ఆరే. పని గంటల సంగతి మేనేజరుతో మాట్లాడేటప్పుడు మొహమాటం అక్కర్లేదు. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు స్ట్రోక్ ముప్పు 35 శాతం ఎక్కువని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి చెప్పాయి.

సిగరెట్ గురించి కొత్తగా చెప్పేదేముంది? కానీ గేటు బయట చాయ్ బండి దగ్గర మానడం ఇంట్లో మానినంత సులువు కాదు. మొదటి నెలలు ఆ గుంపుతో కాకుండా క్యాంటీన్లో తాగండి టీ. అలాగే క్షవరం చేయించుకున్నాక మెడ ఠక్కున విరిపించుకోవడం ఇక జీవితంలో వద్దు. 2022లో హైదరాబాద్‌లో బ్యూటీ పార్లర్‌లో మెడ వెనక్కి వాల్చి తల రుద్దించుకున్న ఒకావిడకు స్ట్రోక్ వచ్చిన సంగతి అపోలో న్యూరాలజిస్ట్ డాక్టర్ సుధీర్ కుమార్ బయటపెట్టారు. ఆమెకు నలిగింది వెన్నుపూసల వెంట వెళ్లే నాళం. మెడ మటుకు అదే మెడ.

మీకు స్టెంట్ ఉందని టీమ్ అంతటికీ చెప్పక్కర్లేదు, పక్క సీటు మనిషికైనా చెప్పండి. మూతి వంకర, ఒక చెయ్యి జారిపోవడం, మాట తడబడటం కనబడితే ఏ టైముకు మొదలైందో రాసుకుని 108కి ఫోన్ చేయాలి. నీళ్లు తాగించడం, ఆస్పిరిన్ నమిలించడం వద్దు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు, సాయంత్రం బయోడైవర్సిటీ జంక్షన్ అందులో ఎంత తింటుందో మీకు తెలుసు. ఇరవై నాలుగు గంటలూ స్ట్రోక్ బృందం ఉండే ఆస్పత్రి ఏదో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి. ఇంకో గుర్తును మనవాళ్లు అద్దాల షాపుకు తీసుకెళ్తారు: ఒక కంటికి తెర దించినట్టు చీకటై, కొన్ని నిమిషాల్లో తేరుకోవడం. అది కళ్ల అలసట కాదు, కరోటిడ్ ఇచ్చే హెచ్చరిక. తగ్గిపోయినా సరే అదే రోజు వెళ్లాలి.

ఇక బీమా సంగతి. ఉద్యోగం మారేవాళ్లు, పోయేవాళ్లు చివరి పనిదినానికి ముందే కంపెనీ గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీలోకి మారే వీలు అడగాలి. ఫారంలో స్టెంట్ దాచొద్దు. పాత జబ్బుకు వెయిటింగ్ మూడేళ్లకు మించకూడదని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన మార్చింది. ఇదే కారిడార్‌లో క్యాబ్ నడిపేవాళ్లు, గేటు దగ్గర నిలబడేవాళ్లు ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ సాయానికి ఉండే ఆరోగ్యమిత్రను కలవాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. నెల జీతం 21,000 దాటనివాళ్లకు ఈఎస్‌ఐ ఉంటే డిస్పెన్సరీలో నెలనెలా మందులూ వస్తాయి. ఒక నెల మాత్ర రంగు, కంపెనీ మారి రావచ్చు. లోపలి మందు పేరు, మిల్లీగ్రాములు పాత చీటీతో కలిస్తే చాలు, వేసుకోండి.