కంప్యూటర్‌కీ కావలి కావాలి

గోదావరి గట్టు సంగతి రాజమహేంద్రవరం వాళ్ళకి వేరే చెప్పాలా? గట్టు గట్టిగా ఉంటే ఊరు చల్లగా ఉంటుంది. గట్టులో చిన్న బొరియ ఉంటే చాలు. వరద నీరు అందులోంచి దారి చేసుకుంటుంది. బొరియ కాస్తా గండి అవుతుంది. 1986 ఆగస్టు వరదలో గట్లకు గండ్లు పడ్డాయి. ఎన్నో ఊళ్ళు మునిగాయి. అందుకే వరద రాకముందే బొరియలు పూడ్చాలి. వరద రోజుల్లో గట్టు మీద కావలి కాయాలి.

ఇంట్లో కంప్యూటర్‌కీ ఇదే పద్ధతి.

వైరస్ అంటే ఏమిటి?

కంప్యూటర్ వైరస్ పురుగు కాదు. మనుషులకి అంటుకోదు. అది మనిషి రాసిన ప్రోగ్రాం. ప్రోగ్రాం అంటే కంప్యూటర్ చెయ్యాల్సిన పనుల వరస. మంచి ప్రోగ్రాం మన పని చేస్తుంది. వైరస్ దొంగ పని చేస్తుంది. కొన్ని వైరస్‌లు ఫైళ్ళు చెరిపేస్తాయి. కొన్ని బ్యాంకు పాస్‌వర్డ్ దొంగిలిస్తాయి. కొన్ని ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడుగుతాయి.

2017లో ఏం జరిగింది?

2017 మే 12న వానాక్రై అనే వైరస్ బయలుదేరింది. కొద్ది రోజుల్లోనే సుమారు 150 దేశాలకు పాకింది. రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు సోకింది. ఫైళ్ళకు తాళం వేసి 300 డాలర్లు అడిగింది. అప్పటి లెక్కలో అది సుమారు 19 వేల రూపాయలు. ఇంగ్లండులో ఆసుపత్రుల పని ఆగింది. మన రాష్ట్రంలో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లకు సోకింది. తిరుపతిలో దేవస్థానం కంప్యూటర్లు కొన్నింటికీ సోకింది.

ఆ వైరస్ విండోస్‌లోని ఒక లోపంలోంచి దూరింది. ఆ లోపానికి మరమ్మతు 2017 మార్చిలోనే వచ్చింది. మరమ్మతు చేసుకున్న కంప్యూటర్లలోకి ఆ దారిన వైరస్ రాలేకపోయింది. చేసుకోని వాళ్ళు చిక్కుకున్నారు. వరదకి రెండు నెలల ముందే మట్టి వచ్చింది. బొరియ పూడ్చలేదు. అంతే!

"మా ఇంట్లో దొంగకి ఏముంది?" అంటారు కొందరు. వైరస్ ఇల్లు చూసి రాదు. దారి దొరికిన చోటికల్లా వస్తుంది. పొదుపు సంఘం లెక్కలు, పిల్లల సర్టిఫికెట్లు, పెళ్ళి ఫొటోలు పోతే ఎవరికి నష్టం?

ఎలా వస్తుంది?

జిరాక్స్ షాపులో పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవ్‌తో రావచ్చు. ఊరికే దొరికే దొంగ కాపీ సినిమాలు, ఆటలతో రావచ్చు. మెయిల్‌తో రావచ్చు. ఒక ఇంట్లో తల్లీ కూతుళ్ళ మాటలు ఇలా ఉండాలి.

"అమ్మా, మెయిల్‌లో ఏదో బిల్లు వచ్చింది. నొక్కనా?"

"ఎవరు పంపారే?"

"తెలీదమ్మా."

"ఎవరో తెలీకుండా తలుపు తీస్తామా ఏంటి? నొక్కకు."

ఏం చెయ్యాలి?

1. బొరియలు పూడ్చాలి. కంప్యూటర్ "అప్‌డేట్" అని అడిగితే వాయిదా వెయ్యకూడదు. విండోస్ 10కి మామూలు మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. అది వాడేవాళ్ళు కొత్తదానికి మారడం మంచిది.

2. కావలి పెట్టాలి. ఈ కావలి పేరే యాంటీవైరస్. దాని దగ్గర తెలిసిన వైరస్‌ల గుర్తులు ఉంటాయి. వచ్చిన ప్రతి ఫైలునీ వాటితో పోల్చి చూస్తుంది. కొత్త వైరస్‌లు రోజూ పుడతాయి. కాబట్టి దాన్నీ అప్‌డేట్ చెయ్యాలి. విండోస్ 10, 11లలో డిఫెండర్ అనే కావలి ముందే ఉంటుంది. దానికి డబ్బు కట్టక్కర్లేదు. దాన్ని ఆపకుండా ఉంచాలి.

3. నకలు దాచాలి. ఎంత కావలి ఉన్నా ఒక్కోసారి దొంగ దూరతాడు. ముఖ్యమైన ఫైళ్ళు వేరే పెన్‌డ్రైవ్‌లో కూడా ఎక్కించాలి. ఎక్కించాక దాన్ని తీసి బీరువాలో పెట్టాలి. కంప్యూటర్‌కే ఉంచితే దానికీ తాళం పడవచ్చు.

వైరస్ సోకితే ముందు ఇంటర్నెట్ తీసెయ్యాలి. అడిగిన డబ్బు కట్టకూడదు. కట్టినా ఫైళ్ళు తిరిగొస్తాయన్న నమ్మకం లేదు. బ్యాంకు డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. బ్యాంకుకీ చెప్పాలి. ఆలస్యం చేస్తే డబ్బు చేతులు మారిపోతుంది.

చదివారు కదా! జవాబులు రాయండి.

1. వైరస్‌ను ఎవరు తయారు చేస్తారు?
2. 2017లో ఏ కంప్యూటర్లు చిక్కుకున్నాయి? ఎందుకు?
3. నకలు దాచిన పెన్‌డ్రైవ్‌ను ఎక్కడ పెట్టాలి?
4. మీ సంఘం లెక్కలకు నకలు ఉందా? సంఘంలో మాట్లాడుకోండి.