కిడ్నీ మార్పిడి తరువాత పొడి దగ్గు – ఇంటివారికి

కిడ్నీ మార్పిడి అయిన మనిషికి ఇంట్లో విడిగా గది ఇస్తారు, నీళ్ళు కాచి చల్లార్చి ఇస్తారు, చుట్టాలను గుమ్మం దాటనివ్వరు. చెకప్ రోజున మాత్రం ఓ.పి. బెంచీ మీద, దగ్గుతున్నవారి పక్కనే రెండు గంటలు కూర్చోబెడతారు. ఈ పాఠం ఆ బెంచీ గురించే.

న్యుమోసిస్టిస్ అనే ఫంగస్ ఒకటి ఉంది. ఆరోగ్యవంతుల ఊపిరితిత్తుల్లో చేరినా సాధారణంగా హాని చేయదు. కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా టాక్రోలిమస్, స్టీరాయిడ్ వంటి మాత్రలు వాడేవారిలో రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది గనుక వారికి ఇది ప్రాణాంతకమైన న్యుమోనియా కాగలదు. గాలి ద్వారా ఒకరి నుండి మరొకరికి చేరుతుంది. జర్మనీ, నెదర్లాండ్స్, జపాన్, ఆస్ట్రేలియాలలో మార్పిడి రోగులు పలువురు ఒకేసారి జబ్బుపడినప్పుడు ఆరా తీస్తే, చాలామంది ఒకే క్లినిక్‌కు ఒకే రోజుల్లో వచ్చినవారేనని తెలిసింది. నివారణ మాత్ర వాడనివారే వారిలో ఎక్కువ.

ఆ మాత్ర కోట్రైమాక్సజోల్. సెప్ట్రాన్ అంటే అందరికీ తెలుస్తుంది, చవక కూడా. ఫంగస్‌కు బాక్టీరియా మందేమిటని చదువుకున్నవారే అడుగుతుంటారు. నిజానికి 1988లో పరిశోధనలో తేలేదాకా శాస్త్రజ్ఞులు కూడా దీన్ని ఫంగస్‌గా లెక్కించలేదు. మామూలు ఫంగస్ మందు ఫ్లుకోనజోల్ దీనిమీద పనిచేయదు. సాధారణంగా ఆరు నెలలు, కొందరికి ఏడాది వాడాలి. ఇన్ని మాత్రలెందుకని ఇంట్లోవాళ్ళు ముందుగా తీసేసేది దీన్నే! సల్ఫా మందులు పడకపోతే ముందే చెప్పండి, వేరే మందులున్నాయి.

మన విశాఖలో దగ్గు వస్తే పోర్టు బొగ్గు దుమ్ము మీదకు తోసేస్తాం. ఉద్దానం నుండి వచ్చే కుటుంబాలు ఆయాసాన్ని ప్రయాణపు అలసట అనుకుంటాయి. పొడి దగ్గు, జ్వరం, నడిస్తే ఆయాసం – ఈ మూడింటిలో ఏది కనిపించినా ఆ రోజే రండి. మొదట్లో ఎక్స్‌రే బాగానే ఉండవచ్చు. నేను చూసిన ఒక అబ్బాయికి కూర్చున్నప్పుడు ఆక్సిజన్ 97. "మెట్లెక్కితే ఆగిపోతన్నాడు సిస్టరుగారూ" అని వాళ్ళమ్మ అంటే వరండా చివరిదాకా నడిపించాం. 86కి పడిపోయింది. ఆమె ఆ మాట అనకపోతే ఇంటికి పంపేసేవాళ్ళమే.

ఓ.పి.కి వచ్చినప్పుడు రోగికి, తోడు వచ్చినవారికి కూడా మాస్కు ఉండాలి. దగ్గు ఉంటే చీటీ రాయించేటప్పుడే మార్పిడి అయిన మనిషి అని చెప్పి, బయట వరండాలో కూర్చోబెట్టండి. వంతు రాగానే మేమే వచ్చి పిలుస్తాం.