అంకె నువ్వే వేయాలి

అమ్మలూ,

ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ వదిలేసి ప్రొటెక్షన్ ఇంజినీరింగ్‌లోకి వెళ్దామనుకుంటున్నానని నువ్వు రాసిన ఉత్తరం అందింది. అంతకుముందే మా అక్క ఫోన్ చేసి, "బంగారంలాంటి సర్కారు కొలువు, నువ్వయినా చెప్పరా దానికి" అని వాపోయింది. ఆవిడకి చెప్పుకోవాల్సింది నేను చెప్పుకుంటాలే. నిన్ను మాత్రం వెళ్లొద్దనను.

అయితే పిలుస్తున్నవాళ్లు ఎందుకు పిలుస్తున్నారో ముందు చూసుకో. సోలార్ ప్లాంటు కట్టేవాళ్లు మీ చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ (సీఈఐజీ) అనుమతి లేనిదే సబ్‌స్టేషన్ చార్జి చేయలేరు. డ్రాయింగు ఏ బల్ల మీద ఆగుతుందో, ఏ కొర్రీ ఎందుకు పడుతుందో తెలిసిన మనిషి దొరికితే వాళ్లకి పండగే. హోదా 'టెక్నికల్ హెడ్' అనే పెడతారు. పని మాత్రం ఫైలు పట్టుకుని మీ పాత ఆఫీసు మెట్లెక్కి దిగడం. "కమిషనింగ్ టీములో వేస్తారా, అప్రూవల్స్ చూడమంటారా?" అని ఇంటర్వ్యూలో మొహమాటం లేకుండా అడుగు. నీళ్లు నమిలితే లేచి వచ్చెయ్. నువ్వు తనిఖీ చేసి సంతకం పెట్టిన సంస్థయితే, రూల్సు ఒప్పుకున్నా వద్దు. నీ పాత సంతకాలన్నిటినీ జనం కొత్త కళ్లతో చూస్తారు.

ఇన్నాళ్లూ చేసింది ఇంజినీరింగే కాదేమోనని రాశావు. ఆ మాట ఒప్పుకోను. లైన్‌మన్ చనిపోయిన స్తంభం దగ్గరికి వెళ్లి, ఎల్.సి. (లైన్ క్లియర్) ఎవరు తీసుకున్నారు, ఎర్త్ రాడ్లు వేశారా లేదా, ఏ కొట్టువాడి జనరేటరు నుంచి కరెంటు వెనక్కి తన్నింది అని ఆరా తీసిన దానివి. ఏసీ గదిలో సెట్టింగులు లెక్కగట్టే వాళ్లలో ఎంతమందికి ఆ చూపుంది? బయోడేటాలో ఎన్ని తనిఖీలు చేశావో రాయకు, ఎవడు చదువుతాడు? రెండు మూడు ప్రమాదాలు ఎత్తుకుని, కారణం ఎలా పట్టుకున్నావో రాయి.

మారాల్సిందల్లా ఒకటే. ఇన్నాళ్లూ ఎవరో వేసిన అంకె నిబంధనకి సరిపోయిందా అని చూశావు. ఇకమీదట రిలే సెట్టింగులో ఆ అంకె నువ్వే వేయాలి. 2012 జూలై 30 సంగతి చూడు. బీనా-గ్వాలియర్ 400 కేవీ లైను మీద ఫాల్టే లేదు. పక్కదారులు మూసుకుపోయి లోడంతా దాని మీద పడింది, వోల్టేజీ దిగింది. వోల్టేజీని కరెంటుతో భాగించి దూరం లెక్కగట్టే రిలే, ఎక్కడో దూరాన ఫాల్టు ఉందనుకుని జోన్-3లో ట్రిప్ కొట్టింది. తెల్లవారకముందే ఉత్తర గ్రిడ్డు కూలిపోయింది. మర్నాడు మధ్యాహ్నం దానితోపాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్లూ పోయాయి. రిలే చెడిపోలేదు. ఇచ్చిన సెట్టింగు ప్రకారం బుద్ధిగా పనిచేసింది. చెక్‌లిస్టు పట్టుకుని వెళ్తే నువ్వైనా నేనైనా టిక్కు పెట్టి వచ్చేవాళ్లమే. అప్పట్లో మన దక్షిణ గ్రిడ్డుకి వాళ్లతో హెచ్‌వీడీసీ (హై వోల్టేజీ డీసీ) లింకులే ఉండేవి కాబట్టి మనకి తప్పింది. 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ లైనుతో మనమూ కలిశాం. ఆ అడ్డుగోడ ఇప్పుడు లేదు.

నువ్వు కాలేజీలో చదివిన ఫాల్టు లెక్కలు కూడా కొంత మర్చిపోవాలి. థర్మల్ స్టేషన్ జనరేటరు ఫాల్టు రాగానే రేటింగుకి ఎన్నోరెట్లు కరెంటు తోస్తుంది. సోలార్ ఇన్వర్టరు తన సెమీకండక్టర్లు కాలిపోకుండా 1.1, 1.2 రెట్ల దగ్గరే బిగబట్టేస్తుంది. ఓవర్‌కరెంటు రిలేకి అది ఫాల్టులా కనిపించదు. గని, శకునాల ఊళ్ల దగ్గర 1000 మెగావాట్ల పార్కు వెలిసిన కర్నూలు సీమలో ఈ చిక్కు తెలియకుండా సెట్టింగులు వేయడం కుదరదు. నేనైతే ముందు దీని మీదే కూర్చుంటాను, ఎం.టెక్. పట్టా సంగతి తర్వాత.

చేత్తో చేయడమూ మళ్లీ మొదలెట్టు. సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) పోలారిటీ చూడటానికి ఖరీదైన కిట్టే అక్కర్లేదు. లైను ఆపి, ఐసొలేట్ చేసి, ఎల్.సి. తీసుకున్నాక ప్రైమరీకి బ్యాటరీ, సెకండరీకి మధ్యలో సున్నా ఉన్న మీటరు తగిలించి, బ్యాటరీ తీగ ఒక్కసారి తాకించు. ముల్లు ఎటు ఎగిరిందో అదే జవాబు. అది తిరగబడిందని తెలియక ప్యానెల్ చార్జి చేస్తే, లోడు ఎక్కగానే డిఫరెన్షియల్ రిలే బ్రేకర్‌ని పడగొడుతుంది. అప్పుడు రాత్రంతా వైరింగు వెతుక్కోవాలి.

సబ్‌స్టేషన్ కమ్యూనికేషన్ ప్రమాణం ఐఈసీ 61850 నీకు నేర్పేవాడు నీకన్నా పదేళ్లు చిన్నవాడై ఉంటాడు. జీపు ఆగగానే "మేడమ్" అంటూ పరిగెత్తుకొచ్చేవాళ్లుండరు. తప్పు పడితే ఆ కుర్రాడు అందరి ముందే అంటాడు. మొదటి ఆర్నెల్లు ఇది గుచ్చుకుంటుంది. నీకు పడకపోతే ఇప్పుడే ఆగిపో.

ఇంకో మాట. రాజీనామా, స్వచ్ఛంద పదవీ విరమణ ఒకటి కావు. నీ సర్వీసుకి ఏది వర్తిస్తుందో, ఏం వస్తుందో, ఏం పోతుందో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే కాగితం పెట్టు. కోపంతో మాత్రం పెట్టకు.

దసరాకి వచ్చేటప్పుడు లాప్‌టాప్ తెచ్చుకో. నా దగ్గర కొన్ని పాత ట్రిప్ రికార్డులున్నాయి. వేవ్‌ఫారాలు ఇస్తాను, రిపోర్టులు ఇవ్వను. ఏం జరిగిందో నువ్వే చూసి చెప్పాలి.

ఇట్లు,
మావయ్య