క్రిస్మస్ ఆచారములు ఎక్కడనుండి వచ్చినవి?

చదువవలసిన భాగములు: లూకా 2:1–20, మత్తయి 2:1–12, రోమా 14:5–6



ఒక క్రిస్మస్ దినమున మా సంఘములోని ముసలి తల్లి ఒకామె ఆరాధనకు రాలేదు. ప్రతి ఆదివారము అందరికంటె ముందు వచ్చి చాపలు పరచునది ఆమెయే. జబ్బు చేసెనేమో అనుకొని ఆరాధన ముగియగానే ఆమె యింటికి వెళ్లితిని. ఆమె వాకిట కూర్చుండి బియ్యములో రాళ్లు ఏరుచున్నది. “ఏమమ్మా, రాలేదేమి?” అని అడిగితిని. “కొత్త కోక లేదయ్యగారూ. పండుగ పూట పాత కోకతో గుడికెట్టా వచ్చేది? అప్పు అడిగాను, ఎవరూ ఇయ్యలేదు” అన్నది.

ఆ మాట నా మనస్సును గుచ్చెను. కొత్త బట్ట లేనిదే క్రిస్మస్ లేదని నేను ఆమెకు ఎన్నడును బోధింపలేదు; అయితే అది తప్పని కూడ ఎన్నడును చెప్పలేదు. ఆ లోపము నాదే. అందుచేత మన ఆచారములలో లేఖనములోనిది ఏది, మనుష్యులు పెట్టుకొన్నది ఏది, ఎందుకు పెట్టుకొన్నారు అను సంగతిని ఈ నెల పాఠముగా తీసికొందము.

1. లేఖనము చెప్పినది, చెప్పనిది

మొదట మీ యింటిలో ఈ ప్రశ్న అడిగి చూడుడి: తూర్పు దేశపు జ్ఞానులు ఎందరు? ముగ్గురని పిల్లలందరు చెప్పుదురు. మత్తయి ఆ లెక్క చెప్పలేదు. బంగారము, సాంబ్రాణి, బోళము అను మూడు కానుకలనుబట్టి మనము ముగ్గురిని చేసికొంటిమి. వారు రాజులని కూడ అక్కడ వ్రాయబడలేదు. తొట్టియొద్దకు వచ్చినవారు గొఱ్ఱెల కాపరులు. జ్ఞానులు ఒక ఇంటికి వచ్చిరని మత్తయి 2:11లో నున్నది. మన బొమ్మలలోని ఎద్దును, గాడిదయును లూకా సువార్తలో లేవు. యెషయా 1:3లో ఆ రెండు జంతువుల మాట యున్నందున పూర్వులు వాటిని తొట్టి ప్రక్కన నిలిపిరి.

ప్రభువు జన్మించిన తేదీయు సువార్తలలో లేదు. రోమాలో 354వ సంవత్సరమున కూర్చిన ఒక పంచాంగములో డిసెంబరు 25 కనబడుచున్నది; అందులోని ఆ జాబితా 336 నాటిదని పండితులు చెప్పుదురు. అర్మేనియా సంఘము నేటికిని జనవరి 6ననే ప్రభువు జన్మమును ఆచరించుచున్నది. అమెరికాలోని మసాచుసెట్సు వలసలోనైతే, ఈ పండుగ లేఖనములో లేదని చెప్పి, దానిని ఆచరించినవారికి 5 షిల్లింగులు జరిమానా వేయుదుమని 1659లో చట్టము చేసిరి. 1681లో దానిని తీసివేసిరి. ఆచరించినవారును, మానినవారును ప్రభువు నిమిత్తమే అట్లు చేసిరి. దినమును గూర్చి ఒకరినొకరు తీర్పు తీర్చవద్దను పౌలు బుద్ధి ఇట్టి సమయమునకే.

2. తొట్టి

ఇటలీ దేశములో గ్రెచ్చో అను కొండ గ్రామము కలదు. 1223లో అస్సీసీ ఫ్రాన్సిసు క్రిస్మస్ రాత్రి అక్కడ ఒక తొట్టిలో ఎండుగడ్డి పరపించి, నిజమైన ఎద్దును, గాడిదను తెచ్చి నిలిపించెను. ఊరివారు దివిటీలు పట్టుకొని వచ్చిరి. ఆ కాలమున ఆరాధన లాటిను భాషలో జరుగుచుండెను. చదువురాని రైతులకు అది తెలియదు. ప్రభువు ఎంత బీదతనములో పుట్టెనో వారు కన్నులార చూడవలెనని ఆయన కోరిక. మన పిల్లలు గుడిలో కట్టు పశువులపాకకు మూలము అక్కడ కలదు.

3. చెట్టు

ఇప్పుడు ఫ్రాన్సులోనున్న స్ట్రాస్‌బర్గు పట్టణములో జనులు ఇండ్లలో చెట్టు నిలిపి, కాగితపు గులాబీలను, ఆపిలు పండ్లను కట్టుచుండిరని 1605 నాటి వ్రాతలో నున్నది. మార్టిన్ లూథరు మొదట చెట్టుకు దీపములు పెట్టెనను కథకు ఆయన కాలపు ఆధారము లేదు. 1848లో విక్టోరియా రాణి కుటుంబము చెట్టు చుట్టు నిలిచిన బొమ్మ లండను పత్రికలో అచ్చుపడగా, ఆ వాడుక ఇంగ్లాండులో బాగుగా వ్యాపించెను. మన సముద్రతీరపు ఊళ్లలో సరుగుడు కొమ్మ నాటిన చాలును. చలిదేశములో చలికాలమునను పచ్చగా నుండు చెట్టు వారికి ఆశకు గురుతు. మనకు అది అలంకారమేగాని ఆజ్ఞ కాదు.

4. నక్షత్రము

జర్మనీలో నీస్కీ అనుచోట మొరేవియను సంఘమువారి బాలుర పాఠశాల యుండెను. 19వ శతాబ్దపు మొదటి భాగములో అక్కడి పిల్లలు క్షేత్రగణితము నేర్చుకొనుచు కాగితముతో అనేక కొనలుగల నక్షత్రమును చేసిరి. తరువాత ఆ సంఘపు కుటుంబములు క్రిస్మస్‌కు ముందు వారములలో దానిని ఇంట వ్రేలాడదీయసాగెను. మన యువకులు వెదురు బద్దలు, రంగు కాగితము, అన్నపు మెతుకులతో చేయునదియు అట్టి చేతిపనియే. కొన్న నక్షత్రమే వ్రేలాడదీయవలెనని ఎక్కడను లేదు.

5. క్రిస్మస్ తాత

నాలుగవ శతాబ్దమున ఆసియా మైనరులోని మూర పట్టణమున నికొలాసు అను బిషపు ఉండెను. పౌలు ఖైదీగా పోవుచు ఓడ మారినది ఆ మూరలోనే (అపొ. కార్య. 27:5–6). కట్నమునకు డబ్బులేక ముగ్గురు కుమార్తెలతో కుములుచున్న ఒక తండ్రి యింటిలో నికొలాసు రాత్రివేళ ఎవరికిని తెలియకుండ బంగారు మూటలు వేసెనని పూర్వికులు చెప్పుదురు. డచ్చివారు ఆయనను తమ భాషలో పిలిచిన పేరు అమెరికాకు పోయి శాంటాక్లాజు అయ్యెను. ఇప్పుడు మనము చూచు లావు పొట్ట, తెల్లగడ్డముగల రూపమును 1863 మొదలుకొని థామస్ నాస్టు అను చిత్రకారుడు పత్రికలలో గీసి వ్యాపింపజేసెను. రూపము మారినను మొదటి సంగతి మరువకుడి: కానుక పోయినది బీదవాని యింటికి, అదియు రహస్యముగా.

6. ఒక పాట

మన కీర్తనల పుస్తకములలో తెలుగులో నున్న ప్రశాంత రాత్రి పాటను 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలోని ఒబెర్న్‌డార్ఫు గుడిలో మొదటిసారి పాడిరి. మాటలు వ్రాసినవాడు యోసేపు మోరు అను సహాయ గురువు. రాగము కట్టినవాడు ఫ్రాంజ్ గ్రూబరు అను బడిపంతులు. గిటారు ఒక్కటే వాద్యము. గొప్ప మేళములు లేకయే ఆ పాట లోకమంతయు తిరిగెను.

మనము నేర్చుకొనవలసినది

ప్రియులారా, తొట్టి చదువురానివారి కొరకు, నక్షత్రము బడిపిల్లల చేతులనుండి, కానుక బీదవాని కొరకు, పాట చిన్న ఊరినుండి వచ్చెను. ఇవన్నియు ప్రభువునొద్దకు దారి చూపుటకు పుట్టినవి. వాటినిబట్టి ఒక బీదరాలు గుడి బయట నిలిచిపోయినయెడల మనము వాటిని తలక్రిందులు చేసినవారము. ఆచారమును ఆనందముతో చేయుడి, లేనియెడల సిగ్గుపడకుడి. వడ్డీకి అప్పు తెచ్చి పండుగ చేయవద్దు. సంఘపెద్దలు ఈ మాటను డిసెంబరు మొదటి ఆదివారముననే ప్రకటింపవలెను. కలిగినవారు నికొలాసువలె, చాటించుకొనకుండ సాయము చేయవలెను.

ఆ దినమున ఆ తల్లి వాకిటనే కూర్చుండి లూకా రెండవ అధ్యాయము చదివితిని. పొత్తిగుడ్డల మాట వచ్చినప్పుడు ఆమె చేట ప్రక్కన పెట్టి, “దేవుని బిడ్డకే పట్టుబట్టలు లేవా అయ్యగారూ?” అనెను. మరుసటి ఏట పాత కోకనే ఉతికి కట్టుకొని, అందరికంటె ముందు వచ్చి చాపలు పరచెను.

ఇంటిలో ముచ్చటించుటకు ప్రశ్నలు

1. జ్ఞానులను గూర్చి మత్తయి చెప్పినదేమి, చెప్పనిదేమి?
2. మన యింటి క్రిస్మస్ ఖర్చులో ప్రభువు కోరినది ఏది, పొరుగువారి కన్నుల కొరకు చేయునది ఏది?
3. ఈ పండుగకు గుడికి రాలేకపోవు ఇల్లు మన పేటలో ఏది? ఆ యింటికి ముందుగా ఎవరు వెళ్లుదురు?